అపసార పలాయన వివేచనము

ఇటీవల మా ఘనపురప్రాంతమునఁ బాఠశాలలోఁ దెలుఁగు బోధించు మిత్రు లొకరు తాము తెనిఁగించుచున్న యొక యాంగ్లచరిత్రపాఠమును జేతఁ బట్టుకొని నాయొద్దకు వచ్చిరి. అందు ఢిల్లీ రాజకుమారుఁడగు ఉలుఘ్ ఖాను ఓరుగంటి ముట్టడిని విడిచి దేవగిరికిఁ బోయిన సందర్భమున ‘ఫాల్ బ్యాక్’ అను క్రియ ప్రయోగింపఁబడినది. వారు మొదట ‘వెనుకఁబడెను’ అని వ్రాసి కొట్టివేసిరి. పిమ్మట ‘పాఱిపోయెను’ అని వ్రాసిరి. దానిమీఁదను సంశయము తీఱక ‘వెనుదిరిగెను’ అని ప్రక్కను గుర్తు పెట్టుకొనిరి. మూఁటిలో నేది సాధువని వారి ప్రశ్నము.

ఒక క్రియాపదమునకై యింత చర్చ యేల యని కొంద ఱనవచ్చును. కాని యీ మూఁడు పదములును మూఁడు వేర్వేఱు చరిత్రములను జెప్పుచున్నవి. పాఱిపోయినవాఁడు తిరిగి వచ్చునని యెవరు నెదురుచూడరు. వెనుదిరిగినవాఁడు వచ్చిన వచ్చును. వెనుకఁబడినవాఁ డసలు పోనేలేదు. 1321వ సంవత్సరమున నోరుగంటివా రా సేనయొక్క పోకడ కేయర్థము చెప్పుకొనిరో దానిపైఁ గాకతిరాజ్యముయొక్క భావిగతి చాలవఱకు నిలిచియుండెను. కావున నీ పదవిచారమును జరిత్రవిచారముతోఁ గలిపి చేయుట యుచితమని తలంచితిని.

ఆంగ్లక్రియాస్వరూపము

ఆంగ్లమున ‘ఫాల్’ అనఁగాఁ బడుట. ‘బ్యాక్’ అనఁగా వెనుకకు. రెండును గలసినపుడు పడుట యను నర్థము మఱుఁగువడి, వెనుకకుఁ దొలఁగుట యను క్రొత్తయర్థము పుట్టుచున్నది. సంస్కృతవ్యాకరణము చదివినవారి కిది వింత గాదు. గమ్ ధాతు వొక్కటియే ఆగమ మనిన రాకయు, నిర్గమ మనిన వెడలుటయు, అవగమ మనినఁ దెలియుటయు, సంగమ మనినఁ గలియుటయు నగుచున్నది గదా. భేద మొక్కటియే: మన యుపసర్గములు ధాతువునకు ముందుండును, ఆంగ్లమున నట్టి యవ్యయములు వెనుక నుండును. పాణిని లోకభాషయందు ఉపసర్గములు ధాతువునకుఁ బూర్వమే యుండవలెనని (1-4-80) నియమించి, వేదమున మాత్ర మవి పరముగా నుండవచ్చుననియు (1-4-81), నడుమ నితరపదములచే వ్యవహితములు గావచ్చుననియు (1-4-82) ననుజ్ఞ యిచ్చెను. ఆంగ్లపు జంటక్రియ లీ వైదికమర్యాదను బోలియున్నవని చెప్పినచో మన విద్యార్థులకు సులభముగా బోధపడును.

ఇట్టి జంటక్రియలలో వెనుకకుఁ దగ్గుటకు సంబంధించినవి పెక్కులు గలవు. ‘బ్యాక్ అవుట్’ అనఁగా నొప్పుకొన్న పనినుండి తప్పుకొనుట. ‘బ్యాక్ డౌన్’ అనఁగా వాదమునఁ బట్టిన పట్టు విడుచుట. ‘ఫాల్ బిహైండ్’ అనఁగాఁ దోడివారితో సమముగా నడువలేక వెనుకఁబడుట. ‘ఫాల్ బ్యాక్’ అనఁగా నున్న చోటు విడిచి వెనుకనున్న మఱియొక చోటికిఁ దొలఁగుట. దీనికే ‘ఆన్’ అను మఱియొక యవ్యయము చేరి ‘ఫాల్ బ్యాక్ ఆన్’ అయినచో, ముందున్న యుపాయము విఫలమైనపుడు వెనుక దాఁచియుంచినదాని నూఁతగొనుట యని యర్థము. ఉద్యోగము పోయినవాఁడు కూడఁబెట్టిన ధనము నూఁతగొనును. ప్రసంగమున మాట మఱచినవాఁడు వ్రాసి తెచ్చుకొన్న కాగితము నూఁతగొనును. ఈ రెండర్థములకు నడుమ సేతు వొకటి గలదు. వెనుక నేదియో యున్నది. తొలఁగినవాఁడు దానిని జేరి నిలుచును. ప్రాయికముగా నిదియే యీ క్రియకుఁ బ్రాణము.

యూరపుఖండపు యుద్ధచరిత్రమునుండి యొక యుదాహరణము చాలును. 1810వ సంవత్సరమున వెల్లింగ్టను పోర్చుగల్లుదేశమున బుసాకోయొద్దఁ బరాసుసేనను నిలువరించియు, అక్కడ నుండక వెనుకకుఁ దొలఁగి, లిస్బను నగరమునకు ముందుగాఁ దాను గట్టించి సిద్ధపఱచిన టోరెస్ వేద్రాస్ దుర్గపంక్తులలోఁ బ్రవేశించెను. పరాసుసేనాని మసేనా వానిని భేదింపఁజాలక, తిండిలేక, 1811 మార్చిలోఁ దానే మరలిపోయెను. వెల్లింగ్టను పాఱిపోయెనని వ్రాసిన తప్పు. వెనుకఁబడెనని వ్రాసిన మఱింత తప్పు.

‘వెనుకఁబడు’ అనునది మన మిత్రుల మొదటి యనువాదము గావున దానినిగూర్చి యొక మాట. ఇది మాటకు మాట పెట్టుటవలనఁ గలిగిన దోషము. తెలుఁగున ‘చదువులో వెనుకఁబడెను’ అన్నచో మందగమనము. ‘దొంగ వెనుకఁబడెను’ అన్నచో వానిని దఱుముట. కాఁబట్టి ‘ఓరుగంటివారి వెనుకఁబడెను’ అని వాక్యము సాగినచోఁ దొలఁగినవాఁడే తఱిమినవాఁ డగును! ధాతువును జూచి యనువదించుటకును, ధాతూపసర్గముల సముదాయమును జూచి యనువదించుటకును గల భేద మిట్టిది.

గీర్వాణమున నీ యర్థము

ఇఁక రెండవ యనువాదమగు ‘పాఱిపోవుట’ సంస్కృతమునఁ బలాయనము. ఇది పరా యను నుపసర్గము ముందుగాఁ గల అయధాతువునుండి పుట్టినది. 8-2-19 సూత్రముచే నుపసర్గములోని రేఫమునకు లకారము వచ్చుటచేతఁ ‘బరాయన’ మనవలసినది పలాయన మైనది. అయధాతువునకు గతి యని మాత్రమే యర్థము. యోగార్థముచేఁ బలాయనము దూరముగాఁ బోవుటయే. భయ మందు రూఢిచేఁ జేరినది. పరా యను నీ యుపసర్గమే జిధాతువుతోఁ గూడినపుడు మఱింత విచిత్రముగాఁ బ్రవర్తించును. శత్రువు లన్నదానికి ద్వితీయ వచ్చినచోఁ ‘బరాజయతే’ యనఁగా జయించుట. చదువునకుఁ బంచమి వచ్చినచో నదే క్రియకు, చదువును సహింపలేక దానినుండి వెనుదీయుట యని యర్థము. సహింపరానిదానికి నపాదానత్వమును 1-4-26 సూత్రము విధించుచున్నది. క్రియ యొక్కటియే, ఒకచో గెలుపు, ఒకచో వెనుకంజ. విభక్తినిబట్టియే నిర్ణయము. క్రియ నొంటిగాఁ జూచి యర్థము చెప్పరాదనుట కింతకంటె నిదర్శన మేల?

అమరసింహుఁడు క్షత్రియవర్గమునఁ బలాయనమునకుఁ బర్యాయములను జెప్పుచు, విద్రవము, ప్రద్రావము మొదలగు పరుగును దెలుపు పదములతోఁ బాటుగా అపక్రమమును, అపయానమును గూడ నొకే త్రాటఁ గట్టెను. క్రమధాతువునకుఁ బాదవిక్షేప మర్థము. అపక్రమ మనఁగా నడుగు వెనుకకు వేయుట. నిఘంటుకారుఁడు సంగ్రహముగాఁ జెప్పవలసినవాఁడు గావున నది యతని దోషముగాదు. కాని యతని గ్రంథమును వల్లించి పెరిగిన మనకు, అడుగడుగుగాఁ దొలఁగు సేనయుఁ, జెల్లాచెదరై పరుగిడు సేనయు నొకటిగాఁ దోఁచుట కది కొంత కారణమైనది. భగవద్గీతయందుఁ బదునెనిమిదవ యధ్యాయమున క్షత్రియకర్మములలోఁ జెప్పఁబడినది అపలాయనము. నిషిద్ధమైనది పలాయనమే గాని ప్రతి వెనుకయడుగును గాదని యిచట గ్రహింపవలెను.

ఈ భేదమును జక్కఁగా నెఱిఁగినవాఁడు కౌటిల్యుఁడు. అర్థశాస్త్రమున దుర్గవిధానమును జెప్పు సందర్భమున నతఁడు నదీదుర్గ పర్వతదుర్గములు జనపదరక్షణమునకు యోగ్యములనియు, మరుదుర్గ వనదుర్గములు అటవీస్థానములు, లేదా యాపత్కాలమున అపసారములు, అనియుఁ జెప్పెను. అపసారమనఁగాఁ దొలఁగుటయు నగును, తొలఁగి చేరవలసిన చోటును నగును. ఆంగ్లక్రియలోని రెండర్థము లీ యొక్క పదమున నిమిడియున్నవి. అతఁడే యుద్ధాధికరణమున, రాజు ముందుసేనకు రెండు వందల ధనుస్సుల దూరమున వెనుక ప్రతిగ్రహమునందు నిలువవలెననియు, విఱిగిన బలములు మరలఁ గూడుకొనుట కదియే యాధారమనియుఁ, బ్రతిగ్రహము లేక యుద్ధము చేయరాదనియు శాసించెను. ప్రతిగ్రహ మనఁగానే మనకు దానము పట్టుట స్ఫురించును. కాని సైన్యముయొక్క వెనుకభాగ మను నర్థమును అమరసింహుఁడును జెప్పియున్నాఁడు. విఱిగినవారిని బట్టి నిలుపునది గావున నది ప్రతిగ్రహము.

దీనివలనఁ దేలిన లక్షణ మిది: వెనుక ప్రతిగ్రహము గలిగి, దానిని జేరుటకై తొలఁగుట అపసారము, ప్రతిగ్రహము లేక, ప్రాణమే లక్ష్యముగాఁ దొలఁగుట పలాయనము. కాళ్ల వేగమునుబట్టి గాని, మొగమే దిక్కున నున్నదనుదానిబట్టి గాని యీ భేదమును నిర్ణయింపరాదు.

తెనుఁగుపలుకుబడి

మన భాషలో నీ యర్థమున వ్యవహరింపఁబడు మాటలు మూఁడు తెఱఁగులు. వెన్నిచ్చుట, మడమ త్రిప్పుట, విఱుగుట, పాఱుట యనునవి నిందాగర్భములు. ఏఱు పల్లమున్న దిక్కునకుఁ బాఱును. సేనయు నట్లే దారి దొరకిన దిక్కునకుఁ బాఱును. వెనుదీయుట, వెనుకాడుట, వెనుకంజ వేయుట యనునవి మనస్సునందలి సంకోచమును దెలుపును. అంజ యనఁగా నడుగు. మరలుట, తొలఁగుట యనునవి మాత్రమే నిందాస్తుతులకు దూరముగా నున్నవి. నిందార్థకములు మిక్కిలిగా నుండుట మన వీరసంప్రదాయమునకు సహజము.

నెల్లూరి మనుమసిద్ధిరాజునొద్ద నుండిన ఖడ్గతిక్కన కథ యెల్లరు నెఱిఁగినదే. కాటమరాజుతోడి పోరునఁ దన బలము నశింపఁగా నతఁ డింటికి మరలి వచ్చెననియు, భార్య స్నానపుఁజోట మంచము చాటుపెట్టి పసపుముద్ద యుంచెననియు, తల్లి విఱిగినపాలు వడ్డించెననియు ఐతిహ్యము. విఱిగినది పాలా, సేనయా యను శ్లేష యా కథ కాయువుపట్టు. అవమానమును సైఁపక యతఁడు మరలఁ బోయి రణమునఁ గూలెను. ఆ యిల్లాండ్ర శౌర్యము కొనియాడఁదగినదే. కాని మరలివచ్చిన యోధుఁడు మఱియొక బలమును గూర్చుకొని పోవలెనా, ఉన్నవాఁ డున్నట్లు పోవలెనా యను ప్రశ్నమునకు ఆ కథలోఁ జోటు లేదు. అపసారమునకు వేఱుపేరు లేనిచోటఁ బ్రతి మరలింపును బలాయనమే యగును.

దీనికి భిన్నమైన సంప్రదాయమును మన దేశమునఁ గలదు. జరాసంధుని దండయాత్రలచే మథురను విడిచి సముద్రమధ్యమున ద్వారకను గట్టుకొన్న శ్రీకృష్ణుని ఘూర్జరులు రణఛోడుఁ డని, అనఁగా రణమును విడిచినవాఁడని, పేరుపెట్టి డాకోరు క్షేత్రమునఁ బూజించుచున్నారు. ద్రావిడమునఁ దిరువళ్లువరు, సమర్థుఁడు కాలమునకై యడఁగియుండుటను, తాఁకుటకై వెనుకకుఁ దగ్గు పొట్టేలితోఁ బోల్చెను. పొట్టేళ్ల పోరు చూచినవారికి వ్యాఖ్యానమక్కఱలేదు.

ఓరుగంటి ముట్టడులు

ఇఁక నీ లక్షణమును మిత్రుల ప్రశ్నకు మూలమైన చరిత్రమునకు సమన్వయింతము. ఢిల్లీ సేనలు కాకతిరాజ్యముమీఁదికి మొదట వచ్చినది 1303 ప్రాంతమున. అల్లాఉద్దీన్ ఖిల్జీ పంపిన యా సేన వంగోత్కళములమీఁదుగా వచ్చి, విఫలమై, మిక్కిలి క్షీణించి మరలెను. ఢిల్లీ చరిత్రకారుఁడగు బరనీ వర్షములను గారణముగాఁ జెప్పెను. మన వెలుగోటివారి వంశావళి యుప్పరపల్లికడఁ దురుష్కుల గర్వ మణఁపఁబడెనని చెప్పుచున్నది. ఆ పోరు నీ దండయాత్రకే చెందినదిగాఁ బండితులు గుర్తించిరి. ఒక్క నడకకే యొకరు ‘మరలిరి’ యనియు, ఒకరు ‘ఓడిరి’ యనియు వ్రాసిరి. మన లక్షణమునుబట్టి చూచిన, ఆ సేనకు సమీపమునఁ బ్రతిగ్రహము లేదు. తొలఁగి నిలువఁదగిన చోటు లేక ఢిల్లీదాఁకఁ బోవలసివచ్చెను. ఆఱేండ్లవఱకు మఱియొక సేన రాలేదు.

1309 కడపట మాలిక్ కాఫూరు దేవగిరిమీఁదుగా బయలుదేఱి, 1310 ఆరంభమున నోరుగల్లును ముట్టడించెను. ఈ మాఱు వెనుకకుఁ దొలఁగినవారు మనవారు. ఓరుగంటికి వెలుపల మట్టికోట, లోపల ఱాతికోట. ఱాతికోటను గణపతిదేవుఁ డారంభింపఁగా రుద్రమదేవి పూర్తిచేసెను. మట్టికోట పగవారి వశము కాఁగా రక్షకులు ఱాతికోటను జేరి నిలిచిరి. ఇది ముమ్మాటికి అపసారమే. లోపలి ప్రాకారమే యచటఁ బ్రతిగ్రహము. అందు నిలిచియుండుటచేతనే ప్రతాపరుద్రుఁడు సంధిమాట లాడఁగలిగెను. ఏనుఁగులను, గుఱ్ఱములను, ధనరాశులను నిచ్చి, కప్పమున కొడంబడి రాజ్యమును నిలుపుకొనెను.

ఘియాసుద్దీన్ తుగ్లకు రాజ్యమునకు వచ్చిన పిమ్మట నతని కొమారుఁడు ఉలుఘ్ ఖాను 1321లో నోరుగల్లును ముట్టడించెను. మాసములు గడచెను. ఢిల్లీనుండి వార్తలు నిలిచిపోయెను. సుల్తాను మృతుఁడయ్యెనని శిబిరమున వదంతి పుట్టెను. దానిని బుట్టించినవారిలో ఉబైదు అను కవి యొకఁడని బరనీ వ్రాసెను. కుమారుఁడే తిరుగఁబడఁ దలఁచి యీ వదంతిని బుట్టించెనని ఇబ్న్ బతూతా వ్రాఁత. ఎట్లయిన నేమి, సేనానులు భయపడి తమ బలములతో విడిపోయిరి. కోటలోనివారు వెలువడి శిబిరమును గొల్లగొట్టిరి. రాజపుత్రుఁడు స్వల్పపరివారముతో దేవగిరిని జేరెను.

ఇచటనే మన మిత్రుల ప్రశ్నము. ఇది పలాయనమా, అపసారమా? కన్నులఁ జూచినంతవఱకుఁ బలాయనమే. సేన విఱిగినది, శిబిరము దోఁపుడు పోయినది, క్రమమన్నది లేదు. కాని దేవగిరి యెవరిది? 1318 నుండి యది ఢిల్లీవారి యేలుబడిలోని పట్టణము. పొరుగుననే యింతటి ప్రతిగ్రహము గలవాని తొలఁగుటను, 1303లో దిక్కులేక మరలిన సేన తొలఁగుటతో సమముగా నెన్నరాదు. నాలుగు మాసములు తిరుగకమునుపే ఢిల్లీనుండి క్రొత్త బలములు దేవగిరిని జేరెను. 1323లో ఉలుఘ్ ఖాను మరల బయలుదేఱి, దారిలో బీదరును బట్టుకొని, ఓరుగల్లును జుట్టుముట్టెను.

ఓరుగంటివా రీ మధ్యకాలమున నేమి చేసిరి? శత్రువు తొలఁగెనని సంతసించి ప్రతాపరుద్రుఁడు కోటలోని ధాన్యాగారములను దెఱపించి విందులకు వినియోగించెనని కొందఱు చరిత్రకారులు వ్రాసిరి. అది యెంతవఱకు నిజమైనను, రెండవ ముట్టడికిఁ దగిన సంభారములు కోటలో లేకపోయెననుట స్పష్టము. ఐదు మాసములకుఁ గోట లొంగెను. రాజు బందీయై ఢిల్లీకిఁ గొనిపోఁబడుచు, నర్మదాతీరమున మృతినొందెనని ప్రోలయనాయకుని విలసతామ్రశాసనము చెప్పుచున్నది. ఓరుగల్లు సుల్తానుపుర మయ్యెను.

ఇచట నొక యాక్షేపము రావచ్చును. ఉలుఘ్ ఖాను మరల వచ్చి గెలిచెను గావున మీరు దాని నపసార మనుచున్నారు. రాకున్నచోఁ బలాయన మనెడివారు. కావున నీ భేదము ఫలమునుబట్టి కల్పింపఁబడినదే గాని స్వతస్సిద్ధము గాదు, అని. దీనికి సమాధానము: ఫలము మనకు 1323లోఁ దెలిసినది, ప్రతిగ్రహము 1321లోనే కన్నులయెదుట నుండెను. దేవగిరి యెచట నున్నదో, యెవరి చేత నున్నదో ఓరుగంటివా రెఱుఁగనిది గాదు. తొలఁగిన శత్రువుయొక్క వీఁపును జూచుటతోఁ దృప్తిపడక, యా వీఁపునకు వెనుక నేమున్నదో చూచియున్నచో నర్థనిర్ణయ మా దినముననే యయ్యెడిది. వైయాకరణుఁడు క్రియకు విభక్తిని జూచినట్లు, రాజనీతిజ్ఞుఁడు తొలఁగుటకుఁ బ్రతిగ్రహమును జూడవలెను.

తరువాతి కథయు నీ లక్షణమునే బలపఱుచుచున్నది. ఓరుగల్లు పడినపిమ్మటఁ బ్రోలయనాయకుఁడు గోదావరీప్రాంతపు మన్యమున మాల్యవంతమను గొండచెంత రేకపల్లిని రాజధానిగాఁ జేసికొనెను. కౌటిల్యుఁ డాపత్కాలమున కని చెప్పిన వనదుర్గాపసార మిదియే. అతని పిదప వచ్చిన కాపయనాయకుఁడు 1336 ప్రాంతమున నోరుగల్లును మరలఁ గైకొనెను. మన్యమున కేఁగినవారిని ‘పాఱిపోయినవారు’ అని యా నాఁ డెవరైన నని యుందురేమో. పండ్రెండు పదుమూఁడేండ్లలో నా మాట యబద్ధమయ్యెను.

గణపపురము

ఈ వ్యాసమును ముగించుటకు దూరము పోనక్కఱలేదు. భూపాలపల్లిజిల్లాలోని మా ఘనపురమునకు, రైలుదారిమీఁదనున్న స్టేషన్ ఘనపురముకంటె నిది వేఱు, గణపపుర మని ప్రాఁతపేరు. గణపతిదేవుని పేరఁ బ్రసిద్ధమైన గణపసముద్ర మిచటిది. రెండు ప్రాకారముల నడుమ వెలసిన గుళ్లు గావునఁ గాబోలు, ఇచటి శివాలయసముదాయమును జనులు కోటగుళ్ళందురు. సమీపమున నున్న పాలంపేట రామప్పగుడి 2021లోఁ బ్రపంచవారసత్వస్థలముగా నెన్నఁబడినది. దానిని 1213లో నిర్మించిన రేచర్ల రుద్రసేనాని, గణపతిదేవుఁడు యాదవుల చెఱలో నున్నపుడు కాకతిరాజ్యభారమును వహించి నిలిపినవాఁడని శాసనప్రసిద్ధి. రాజు పట్టువడినను రాజ్యము పాఱిపోలేదు. వెనుక నొక ప్రతిగ్రహ ముండెను.

మా కాఁపులు వర్షము తప్పిన యేఁట ‘చెఱు వాసరా ఉన్నది’ అందురు. ఈ ‘ఆసరా’ హిందూస్థానీనుండి వచ్చినదే యైనను, దాని మూలము సంస్కృతపు ఆశ్రయమే. షాడ్గుణ్యములోని సంశ్రయమునకు నిది తోఁబుట్టువు. ‘ఫాల్ బ్యాక్ ఆన్’ అను నాంగ్లక్రియకు నింతకంటె సహజమైన తెనుఁగు నాకు దొరకలేదు. ఏడు వందల యేండ్లకు మించిన చెఱువుగట్టుమీఁద నిలిచి యా మాట విన్నవాని కర్థము మఱి చెప్పనేల?

కావున మిత్రులకు నేను జెప్పిన సమాధాన మిది. సేనాపరముగా ‘ఫాల్ బ్యాక్’ అనుచోట ‘అపసరించెను’ అని గాని, ‘తొలఁగి ఫలానిచోట నిలిచెను’ అని గాని వ్రాయవలెను. చేరిన చోటును దప్పక చెప్పవలెను. ‘ఆన్’ చేరినచోట ‘ఊఁతగొనెను, ఆసరా చేసికొనెను’ అనవలెను. ‘పాఱిపోయెను’ అను మాటను వెనుక నేమియు లేనివారికే దాఁచియుంచవలెను. ఉలుఘ్ ఖాను విషయమున మాత్రము, ‘సేన విఱిగి పాఱెను, కుమారుఁడు దేవగిరికి అపసరించెను’ అని రెండు క్రియలును వ్రాయుట న్యాయము, ఏలయన నా దినమున రెండును జరిగినవి. వారు తమ ప్రతిలో నట్లే దిద్దుకొనిరి.

ఇందలి గుణదోషములను సుధీమణులు విమర్శింతురుగాక.